అడవి నుండి అచ్చునకు



జంతువుల జీవనమును అడవులలోను, పొలములలోను, సముద్రతీరములందును పరిశీలించి, ఆ పరిశీలనఫలమును జంతు జీవావరణ శాస్త్రమునకు సంబంధించిన ఒక పత్రికకు వ్యాసరూపమున పంపదలచిన వారు తమ వ్రాతప్రతిని ఎట్లు సిద్ధపరచుకొనవలెనో, ఎట్లు సమర్పింపవలెనో చెప్పుటకై ఈ ప్రసంగమును సంకల్పించితిని. విషయము ఏ కొందరికో మాత్రమే పనికివచ్చునదని తోచవచ్చును. కాని మన కళాశాలలలో జంతుశాస్త్రము చదువుచున్న విద్యార్థులను, వారు ఎండనక వాననక తిరిగి నింపిన క్షేత్రపుస్తకములను, వానిలో అచ్చు మొగము చూడక మిగిలిపోయిన పుటలను తలచుకొన్నప్పుడు, దీనిని నలుగురి ముందును ముచ్చటింపదగిన విషయమనియే నేను భావించుచున్నాను.

“పరిశోధన ముగిసినది, ఇక వ్రాయుట యొక్కటే మిగిలినది” అని సంతృప్తితో పలుకువారిని మన విద్యాలయములలో తరచుగా చూచుచుందుము. ఆ మాట విన్నప్పుడెల్ల నాకు కొంత భయము కలుగును. ఏలయన, తాను దేనిని కొలువ మరచెనో, ఏ రోజున ఏ కారణము చేత లెక్క తప్పెనో, అసలు తాను అడిగిన ప్రశ్న యేదో, వ్రాయుటకు కూర్చున్నప్పుడు గాని మనుజునకు స్పష్టపడదు. అప్పటికి ఋతువు మారిపోయి, వలసపక్షులు వెడలిపోయి, చెరువు ఎండిపోయి యుండును. ఆ జంతువును ఎన్నడును చూడని, ఆ ఊరి పేరైనను వినని దూరదేశపు పాఠకుడు, మన మంచితనమును నమ్మవలసిన పని లేకుండ, మన ఆధారములను తానే తూచి చూచుకొనగలుగుటయే శాస్త్రవ్యాసమునకు పరమప్రయోజనము. పత్రికలు విధించు నియమములన్నియు, పైకి ఎంత చాదస్తముగ కనబడినను, ఈ యొక్క ప్రయోజనము నుండియే పుట్టినవి.

ఈ పత్రికల పుట్టుకను గూర్చి కొంచెము చెప్పుట యవసరము. ఇంగ్లండులో బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీ 1913లో వెలసి, ఆ యేటనే జర్నల్ ఆఫ్ ఎకాలజీ అను పత్రికను చేపట్టినది. అందు మొదటినుండియు వృక్షశాస్త్రజ్ఞులదే పైచేయి. 1921లో చార్లెస్ ఎల్టన్ అను ఆక్స్‌ఫర్డు విద్యార్థి స్పిట్స్‌బెర్గెన్ దీవులకు పోయిన పరిశోధకబృందముతో కలిసి వెళ్లి, ఆ మంచునేలపై ఏ ప్రాణి దేనిని తిని బ్రతుకుచున్నదో గమనించెను; అక్కడి ఆహారసంబంధములను పటముగా గీచి సహచరునితో కలిసి ప్రకటించెను; 1927లో ‘ఏనిమల్ ఎకాలజీ’ అను చిన్న గ్రంథమును వెలువరించెను. నేడు మన బడిపిల్లలు సైతము వల్లించు ఆహారశృంఖలము, సంఖ్యాపిరమిడ్ అను భావములు లోకమున పాదుకొనుటకు ఆ గ్రంథమే ముఖ్యకారణము. 1932లో ఆ సొసైటీయే జర్నల్ ఆఫ్ ఏనిమల్ ఎకాలజీ అను ప్రత్యేకపత్రికను స్థాపింపగా, ఎల్టనే దానికి ప్రథమసంపాదకుడై ఇంచుమించు ఇరువది యేండ్లు దానిని నడపెను.

అట్టి సంపాదకుడు తాను వ్రాసిన వ్యాసములలో సాక్ష్యమును ఎట్లు పరీక్షించెనో చూచుట మనకు లాభకరము. కెనడాలో లింక్స్ అను అడవిపిల్లుల సంఖ్య సుమారు పదేండ్లకొకసారి పెరిగి తరుగుచుండునని ఆయనయు మేరీ నికల్సనును కలిసి 1942లో ఈ పత్రికయందే నిరూపించిరి. వారికి ఆధారము హడ్సన్స్ బే కంపెనీ అను వర్తకసంఘము పాత పద్దులు. ఆ పద్దులను వ్రాసిన గుమాస్తాలకు శాస్త్రముతో పని లేదు. ఎన్ని తోళ్లు వచ్చెనో, ఎంతకు అమ్ముడుపోయెనో, అదియే వారికి కావలసినది. అడవిలో బోనుపడిన జంతువు తోలు వర్తకుని కొట్టునకు చేరి, అచటనుండి ఓడనెక్కి లండను చేరి, వేలములో అమ్ముడుపోవుసరికి ఎంతకాలము గడచునో, పద్దులో కనబడు సంవత్సరము జంతువు చచ్చిన సంవత్సరమో కాదో, ఈ సందేహములను పాఠకుడు లేవదీయకమునుపే తామే లేవదీసి, ఓపికగా తీర్చి, తరువాతనే ఆ రచయితలు తమ నిర్ణయమును చెప్పిరి. తన ఆధారములోని లోపమును తానే ముందుగా చూపెట్టగల రచయితను సంపాదకులు నమ్ముదురు. ఇది నేర్చుకొనుటకు కష్టమైన విద్య. మనలో చాలమంది లోపమును చివరి పుటలో, చివరి వాక్యములో, నెమ్మదిగా గొణిగి ఊరకుందురు.

ఇక మన నేలకు సంబంధించిన ఒక యుదాహరణమును విస్తరించి చెప్పెదను. కలివికోడి అను పక్షిని గూర్చి మీలో చాలమంది వినియుందురు. నెల్లూరు ప్రాంతమున వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ సేకరించిన పక్షిని పరీక్షించి, 1848లో బ్లైత్ అను జంతుశాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయనామ మిచ్చెను. 1900 తరువాత అది ఎవరికిని కనబడలేదు; నశించిపోయిన దనియే లోకము భావించినది. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడపజిల్లా పొదల అడవులలో, స్థానికుడైన వేటగాని సాయముతో, దానిని మరల కనుగొనెను. ఆ వార్త ఆ సంవత్సరమే ఆ సొసైటీ పత్రికలో వెలువడినది. “ఈ పక్షి యున్నది, ఇచ్చట నున్నది” అను వాక్యమే ఆ వ్యాసమునకు ప్రాణము. దానికి ప్రకృతిచరిత్ర పత్రికయే సరియైన చోటు.

ఆ తరువాత పదునెనిమిదేండ్లకు, 2004లో, అదే పక్షిని గూర్చి మరియొక వ్యాసము వచ్చినది. అది బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీ వారే 1964 నుండి నడపుచున్న జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఎకాలజీలో ప్రకటితమైనది. పక్షి అదియే, అడవి అదియే, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమును దాని పరిసరములును. మారినది ప్రశ్న. ఆ పక్షి ఎటువంటి పొదల నడుమ మసలును, ఆ పొదలను ఉపగ్రహచిత్రములలో గుర్తుపట్టి అది ఉండదగిన తావులను ముందుగా ఊహింపవచ్చునా, రక్షణకు అది ఎట్లు తోడ్పడును అని ఈ రచయితలు అడిగిరి. ప్రశ్న సంరక్షణకు సంబంధించినది గనుక అప్లైడ్ ఎకాలజీ పత్రిక దానికి తగినది. రేపు ఎవరైన ఒకరు, పొదల సాంద్రత మారినచో భూచర పక్షులకు శత్రుభయము ఎట్లు మారును, ఆ భయము వాని సంఖ్యను ఎట్లు శాసించును అని అడిగి, ఆ ప్రశ్నకు కలివికోడిని సాక్షిగా నిలువబెట్టినచో, అది జర్నల్ ఆఫ్ ఏనిమల్ ఎకాలజీకి పోదగిన వ్యాసమగును. మనవారు పత్రికను వెదకునప్పుడు “నాది పక్షి, కనుక పక్షుల పత్రిక, నాది చేప, కనుక చేపల పత్రిక” అని ప్రాణినిబట్టి నిర్ణయింతురు. ఒక్క తావులో ఒక్క జాతిని వర్ణించి ఊరకొన్న వ్యాసమును ఏనిమల్ ఎకాలజీవంటి పత్రికలు సమీక్షకులకు పంపకుండగనే త్రిప్పిపంపును. అందు దోషము జంతువుది కాదు, ఇంగ్లీషుదియు కాదు. ప్రశ్న లేకపోవుటయే దోషము.

ఆ 2004 నాటి వ్యాసములో పద్ధతులను వివరించిన భాగమును విద్యార్థులచేత చదివింపవలెనని నా కోరిక. కలివికోడి రాత్రించరము, మనిషి అలికిడికి పొదలలో అణగిపోవును, కంటబడదు. కంటబడనిదానిని లెక్కించుట యెట్లు? సన్నని మట్టిని నేలపై పట్టీలవలె పరచి, తెల్లవారిన పిమ్మట వానిపై పడిన అడుగుజాడలను పరీక్షించు నుపాయమును వారు అవలంబించిరి. వెంటనే ఆక్షేపించువాడు ప్రశ్నలు వేయును: ఆ జాడలు కలివికోడివే యని ఎట్లు తెలిసెను? తీతువుజాడ కారాదా? జాడ లేనిచోట పక్షి లేదనుటకు ప్రమాణమేమి? ఇట్టి ప్రశ్నలన్నిటికి పద్ధతుల భాగమే ఉత్తరము చెప్పవలసియున్నది. రెండుమీటర్లకు మించిన పెద్దపొదలు హెక్టారునకు 300 మొదలు 700 వరకు ఉన్నచోట ఆ జాడలు కనబడు సంభావ్యత అధికమని వారు తేల్చిరి. “దట్టము కాని పొదలలో ఉండును” అని వ్రాసియున్నచో ఆ వాక్యము వినుట కింపుగా నుండును గాని, మరియొకరు అడవికి పోయి సరిచూచుకొనుటకు పనికిరాదు. మన యిండ్లలో వంట నేర్పు పెద్దలు “ఉప్పు తగినంత” అని చెప్పుదురు గదా. వారి చేతికి అది చాలును, కొత్తకోడలికి చాలదు. పద్ధతుల భాగము కొత్తకోడలి కొరకు వ్రాయవలసినది. ఏ నెలలో, ఏ వేళలో, ఎన్ని తావులలో, ఒక తావునకు మరియొక తావు ఎంత దూరములో, ఎవరు చూచిరి, చూచువారు మారిరా, వానపడిన రాత్రులను ఏమి చేసిరి, ఇవన్నియు అందు చోటుచేసికొనవలెను.

తావుల దూరము ప్రస్తావనకు వచ్చినది గనుక, మన వ్రాతప్రతులను మిక్కిలిగా చెడగొట్టు నొక దోషమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. పురుగుమందు చల్లిన వరిచేనిలో కప్పలు తగ్గునా యని ఒక విద్యార్థి పరీక్షింపదలచెననుకొందము. మందు చల్లిన చేను ఒకటి, చల్లనిది ఒకటి ఎంచుకొని, ఒక్కొక్క చేనిలో ఇరువది చోట్ల కప్పలను లెక్కించి, నలువది సంఖ్యలను సాంఖ్యకశాస్త్ర సూత్రములో వేసి, భేదము గణనీయమని తేల్చును. కాని అతడు నిజముగా పోల్చినవి నలువది కావు, రెండే చేలు. ఆ రెండు చేలకు నీటిపారుదలలో భేదముండవచ్చును. గట్టున చెట్లుండుటలో భేదముండవచ్చును. కొంగలు దిగుటలో భేదముండవచ్చును. మందు వలననే కప్పలు తగ్గెనని చెప్పుటకు, మందు చల్లిన చేలు పెక్కు, చల్లనివి పెక్కు కావలెను. ఈ దోషమునకు స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అను జీవావరణశాస్త్రజ్ఞుడు 1984లో మిథ్యాపునరావృత్తి యని అర్థమువచ్చు పేరు పెట్టి, అచ్చయిన 176 ప్రయోగవ్యాసములను పరీక్షించి, వానిలో నూటికి 27 ఈ దోషము కలవియనియు, సాంఖ్యకపరీక్షలు వాడినవానిని మాత్రమే తీసికొన్నచో నూటికి 48 ఇట్టివే యనియు బయటపెట్టెను. గొప్ప పత్రికలలో వెలువడిన వ్యాసముల సంగతియే ఇది! కనుక మన విద్యార్థి సిగ్గుపడనక్కరలేదు. కాని దీనిని పొలములోనికి దిగకముందే సరిదిద్దుకొనవలెను, కంప్యూటరు ముందు కూర్చున్న తరువాత ఏ గణితమును దీనిని సరిదిద్దలేదు. సాంఖ్యకశాస్త్రము తెలిసినవారి యొద్దకు మనవారు లెక్కలన్నియు ముగిసిన పిదప పోవుదురు. మొదటనే పోవుట మేలు.

తక్కిన భాగములను గూర్చి నేను ఎక్కువ చెప్పను. ఫలితముల భాగమున చూచినది మాత్రమే చెప్పవలెను, చర్చాభాగమున దాని అర్థమును చెప్పవలెను, ఒకదానిలో మరియొకటి చొరబడరాదు. జీవుల శాస్త్రీయనామములు వాలు అక్షరములలో నుండవలెను. పటములలో అక్షములకు పేర్లును, కొలమానములును లేకున్న సమీక్షకునకు మొదటనే విసుగు పుట్టును. సంగ్రహమును ఏనిమల్ ఎకాలజీ పత్రిక అంకెలు వేసిన చిన్న చిన్న అంశములుగా కోరును. అందలి చివరి అంశమున, తాము పరిశీలించిన ప్రాణికే కాక ఇతరప్రాణులకును వర్తించు నిర్ణయమేమో చెప్పవలెను. ఆ యొక్క అంశమును వ్రాయలేకపోయినవారు వ్యాసమును పంపుట ఆపి, మరల ఆలోచించుట మంచిది. శీర్షికను కడపట వ్రాయుడు. ఇంగ్లీషు విషయమున పెద్దపెద్ద పదములు వెదకనక్కరలేదు. చిన్నవాక్యములు తప్పునకు తక్కువ తావిచ్చును. (ఇంత దీర్ఘవాక్యములతో మాటలాడుచున్న నేను ఈ సలహా నిచ్చుట మీకు నవ్వు పుట్టింపవచ్చును, తెలుగున ఉపన్యసించుటకు ఒక మర్యాద, పరదేశపు పత్రికకు వ్రాయుటకు మరియొక మర్యాద.)

సమర్పణకు ముందు చూచుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 నుండి అమలులో నున్నది. ఆ చట్టము కాపాడు జంతువును పట్టుటకు, అభయారణ్యములో పరిశోధనకు అనుమతి కావలెను. రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి యిచ్చిన ఆ పత్రపు వివరములను వ్యాసములో చేర్పవలెను. పత్రిక అడిగిననాడు అనుమతి లేదనుట కంటె ఆ పరిశోధన చేయకుండుటయే మేలు. బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీ పత్రికలు 2014 నుండి వ్యాసమునకు ఆధారమైన దత్తాంశములను బహిరంగభాండారములో భద్రపరచవలెనని నియమించినవి. అపురూపజీవుల ఉనికిపట్టులు వేటగాండ్రకు తెలియకుండ ఆ వివరమును మరుగుపరచుటకు వీలు కలదు. రచయితల పేర్లు ఏ వరుసలో నుండవలెనో పని ప్రారంభమున మాటలాడుకొనుడు. శాఖాధిపతి యగుట చేతనే పేరు చేర్చుట మన దేశమున చిరకాలముగా సాగుచున్న దురాచారము. దానికంటె, చీకటిలో ముందు నడచి జాడ చూపిన కూలి పేరును కృతజ్ఞతలలో పూర్తిగా, గౌరవముతో వ్రాయుట న్యాయము.

పత్రికను ఎంచుకొనుటలో మన తెలుగువారికి ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరము. డబ్బు చెల్లించినచో నాలుగురోజులలో అచ్చువేసెదమని ఉత్తరములు వ్రాయు దొంగపత్రికలు లోకమున పెక్కు కలవు. 2019లో అమెరికాలోని ఒక ఫెడరల్ న్యాయస్థానము, మన హైదరాబాదులో పుట్టిన ఒక ప్రచురణసంస్థను, సమీక్ష విషయమున రచయితలను మోసగించినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలెనని ఆజ్ఞాపించినది. ఉద్యోగములో పైమెట్టు నెక్కుటకు వ్యాసముల సంఖ్యను లెక్కించు మన పద్ధతియే ఈ వ్యాపారమునకు ఎరువైనదనుటలో నాకు సందేహము లేదు. సమీక్ష లేక అచ్చయిన వ్యాసము, వ్యాసము లేకుండుటకంటె హీనము.

సంపాదకునకు వ్రాయు జాబు ఒక పుటను మించరాదు: ప్రశ్న యేది, తేలిన దేమి, అది ఈ పత్రిక పాఠకుల కేల కావలెను, ఇంతే. “తమ సుప్రసిద్ధపత్రిక” అను స్తోత్రములు వలదు. ఒక వ్యాసమును ఏకకాలమున రెండు పత్రికలకు పంపరాదు. తరువాత వ్యాసము సాధారణముగా ఇద్దరు ముగ్గురు సమీక్షకుల చేతికి పోవును. దూరదేశపు చిరునామా చూచి మనవారిని చిన్నచూపు చూచెదరని కొందరు శంకింతురు. ఆ శంక పూర్తిగా నిరాధారము కాదు. ఫంక్షనల్ ఎకాలజీ అను సోదరపత్రిక తనకు వచ్చిన వ్యాసములను యాదృచ్ఛికముగా రెండు పాళ్లు చేసి, కొన్నిటిని రచయితల పేర్లతోను, కొన్నిటిని పేర్లు మరుగుపరచియు సమీక్షకులకు పంపి చూచినది. 2023లో ప్రకటితమైన ఆ పరీక్షలో, పేర్లు తెలిసినప్పుడు సంపన్నదేశముల, ఇంగ్లీషు బాగుగా వచ్చిన దేశముల రచయితలకు ఎక్కువ మన్నన దొరకెననియు, పేర్లు దాచినప్పుడు ఆ లాభము సన్నగిల్లెననియు తేలినది. పేర్లు దాచి సమీక్షించు పత్రికను ఎంచుకొనుట మనకు ఉచితమని నా అభిప్రాయము.

నిరాకరణమును గూర్చి ఒక నిజచరిత్రము చెప్పెదను. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున సీడర్ బాగ్ లేక్ అను చిన్న బురదసరస్సును భార్యతో కలిసి యేండ్లతరబడి పరిశీలించిన రేమండ్ లిండ్‌మన్ అను యువకుడు, జీవులన్నిటిని శక్తిప్రవాహమున సోపానములుగా చూపు సిద్ధాంతమును కల్పించి, 1941లో ఎకాలజీ అను పత్రికకు పంపెను. సమీక్షకు లిద్దరును సరస్సుల శాస్త్రమున ఆరితేరినవారు, చాన్సీ జూడేయు, పాల్ వెల్చును. ఊహ ఎక్కువ, ఆధారము తక్కువ అని ఇద్దరును కాదనిరి. వారి యాక్షేపణ తెలివితక్కువది యని నేననను. ఒక్క సరస్సు లెక్కలపై అంత భవనమును కట్టుట సాహసమే. లిండ్‌మన్ గురువైన హచిన్సన్ సంపాదకుడగు థామస్ పార్కునకు దీర్ఘమైన జాబు వ్రాసెను. లిండ్‌మన్ వ్యాసమును సవరించెను. సమీక్షకుల మాటను కాదని పార్కు 1942లో దానిని స్వీకరించెను. ఆ జూన్ నెలలో, ఇరువదియారేండ్ల ప్రాయమున, లిండ్‌మన్ వ్యాధిచేత మరణించెను. అక్టోబరులో వ్యాసము అచ్చయినది. నేడు ఆవరణవ్యవస్థలను గూర్చిన ఏ పాఠ్యపుస్తకమును దానిని విడిచి సాగదు.

సమీక్షకుని యుత్తరము వచ్చిన దినమున ప్రత్యుత్తరము వ్రాయకుడు. కోపము చల్లారిన పిమ్మట, వారి ప్రతివాక్యమును ఎత్తి వ్రాసికొని, దాని క్రింద మీరు చేసిన మార్పును, అది ఏ పుటలో ఏ పంక్తిలో నున్నదో తెలుపుడు. మార్పు చేయనొల్లనిచో కారణమును వినయముగా, ఆధారముతో వ్రాయుడు. సమీక్షకుడు తప్పుగా అర్థము చేసికొన్నచో, నూటికి తొంబదిపాళ్లు మన వాక్యమే అస్పష్టమై యుండును. పత్రిక పూర్తిగా నిరాకరించినను, ఆ యాక్షేపణలలో తీర్పదగినవానిని తీర్చి మరియొక పత్రికకు పంపవచ్చును; ఇది ప్రపంచమంతట శాస్త్రజ్ఞులు నిత్యము చేయుచున్న పనియే. అధ్యాపకమిత్రులకు నా మనవి యొక్కటి: ఒక్కమారు తిరిగివచ్చినదన్న చిన్నబాటుతో మీ బల్లసొరుగులలో మూలబడియున్న వ్రాతప్రతులను ఈ వేసవిసెలవులలో వెలికి తీయుడు, వానిని వ్రాసిన విద్యార్థులను పిలిపించి, సమీక్షకుల జాబులను వారితో కలిసి చదువుడు, సవరింపదగినవానిని సవరించి మరల పంపుడు.